తెల్ల కుందేలు పతకం: పిల్లల పుస్తకంలోని బొమ్మను 18 క్యారెట్ల బంగారంలోకి తెచ్చిన పని, మొదటి నుంచి చివరి దాకా

అడిగింది చిన్న సెట్టు. తల్లికి ఒక పతకం, ఏడేళ్ల కూతురికి ఒక జత దిద్దులు, పతకం గొలుసుకు ఒక కొక్కెం. మూడూ ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’లోంచే రావాలి. పుస్తకం చదివినవాళ్లు చూడగానే గుర్తుపట్టాలి, చదవనివాళ్లకు కూడా అది మంచి నగలాగే కనిపించాలి. రోజూ పెట్టుకునేలా ఉండాలి. గొలుసు కాకుండా బంగారం 6 గ్రాములు దాటకూడదు. పతకానికి తెల్ల కుందేలు, దిద్దులకు చెషైర్ పిల్లి నవ్వు, కొక్కేనికి గాజు బల్ల మీద ఆలిస్‌కు దొరికే చిన్న బంగారు తాళంచెవి ఖాయమయ్యాయి.

ఇలాంటి నగలు చాలావరకు చెడేది పనితనం చాలక కాదు. బొమ్మలో ఉన్నదంతా నగలో పెట్టాలని చూడటం వల్ల. కాగితం మీద బొమ్మ గీతలతో నిలబడుతుంది. బంగారంలో బొమ్మ అంచుతో, ఎత్తుపల్లాలతో నిలబడుతుంది. అరచేయంత బొమ్మలో వందల గీతలు ఉంటాయి. అవన్నీ 22 మిల్లీమీటర్ల పతకంలోకి దించితే మెరుగు పెట్టేసరికి సగం పోతాయి, మిగతా సగంలో మురికి చేరుతుంది. అందుకే డిజైన్ మొదలుపెట్టకముందే ఒక నిర్ణయం తీసుకోవాలి: ఈ పాత్రను ఈ పాత్రగా నిలబెట్టే గుర్తులు ఏ మూడు? లోహం బలమంతా వాటికి ఇవ్వాలి. మిగతావి వదిలేయాలి, లేదా వాటికి వేరే చోటు వెతకాలి.

ముందు హక్కుల సంగతి

ఆలిస్ పుస్తకం 1865లో వచ్చింది. బొమ్మలు జాన్ టెనియల్‌వి. రచయిత లూయిస్ కారోల్ 1898లో, టెనియల్ 1914లో మరణించారు. కాపీరైట్‌కు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లని కొన్ని దేశాల్లో, 70 ఏళ్లని కొన్ని దేశాల్లో లెక్క ఉంది. ఏ లెక్కన చూసినా ఈ ఇద్దరి గడువూ ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి టెనియల్ గీసిన కుందేలును ఆధారంగా తీసుకోవడానికి అడ్డు లేదు. 1951 నాటి యానిమేషన్ సినిమాలోని కుందేలు మాత్రం వేరే సొత్తు. ఆ ముఖం, ఆ దుస్తులు, ఆ రంగుల కలయిక దగ్గరికి పోకూడదు. కొనేవాళ్లు తెచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం సినిమావే ఉంటాయి. అందుకే ఆధారంగా ఏ ముద్రణను, ఏ పేజీ బొమ్మను తీసుకున్నామో కాగితం మీద రాసి, ఇరువైపులా ఒప్పుకున్నాకే పని మొదలవ్వాలి.

పుస్తకం పాతదైతే చాలదు. రాసినవారు, గీసినవారు వేరైతే ఇద్దరి లెక్కా చూడాలి. ‘విన్నీ ద పూ’ మొదటి పుస్తకం 1926 నాటిది, అమెరికాలో 2022 మొదట్లో కాపీరైట్ నుంచి స్వేచ్ఛ పొందింది. కానీ దానికి బొమ్మలు గీసిన షెపర్డ్ 1976 దాకా జీవించారు. మరణానంతరం 70 ఏళ్ల లెక్క నడిచే దేశాల్లో ఆ గీతలు 2046 చివరి దాకా కట్టుబడే ఉంటాయి. ‘ద లిటిల్ ప్రిన్స్’ది ఇంకో రకం. రచయిత 1944లో పోయారు గనుక చాలా దేశాల్లో 2015 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అమెరికాలో 1943 ముద్రణ లెక్కన 2038 చివరి దాకా ఆగాలి. వీటికి తోడు ట్రేడ్‌మార్క్ ఉంటుంది. కాపీరైట్ తీరినా పేరు మీద, కొన్ని రూపాల మీద ట్రేడ్‌మార్క్ సజీవంగా ఉండొచ్చు. ఒక్క నగ చేసినా, వరసగా వంద చేసినా ఈ పరిశీలన మానకూడదు.

ఏ మూడు గుర్తులు

టెనియల్ మొదటి కుందేలు బొమ్మలో నిలువు చెవులు, గళ్ల కోటు, నడుం కోటు, చేతిలో గడియారం, చంకలో గొడుగు, మెడకు టై ఉన్నాయి. ఇన్నీ పతకంలో పట్టవు. నల్లటి కాగితాన్ని 22 మిల్లీమీటర్ల ఎత్తున బొమ్మ అంచు వెంట కత్తిరించి, చేయి చాచినంత దూరంలో పెట్టి చూడటం మంచి పరీక్ష. చెవులు, చేతిలో గడియారం, కోటు: ఈ మూడింటితో కుందేలు నిలబడింది. గడియారం తీసేస్తే అది ఏదో ఒక కుందేలు. గొడుగు తీసేస్తే ఏమీ తగ్గలేదు. అయినా గొడుగు ఉంచాం, అలంకారం కోసం కాదు. కోటు అంచు వెంట అతికి ఉన్న 1 మిల్లీమీటరు కడ్డీగా అది పతకం ఎడమ అంచుకు వెన్నెముకలా బలమిస్తుంది, పోతలో, అంటే కరిగిన బంగారాన్ని అచ్చులో పోసేటప్పుడు, లోహం కిందికి పారడానికి దారి అవుతుంది.

రంగుల విషయంలో పుస్తకమే దారి చూపింది. 1890లో కారోల్ అతి చిన్న పిల్లల కోసం ‘ద నర్సరీ ఆలిస్’ అని తిరగరాశారు. అందులో టెనియల్ బొమ్మలు ఇరవై పెద్దవి చేసి రంగులతో వేశారు. కుందేలు దుస్తుల వర్ణన అందులో రచయిత మాటల్లోనే ఉంది: గోధుమ రంగు కోటు, జేబులోంచి తొంగిచూసే ఎర్ర రుమాలు, నీలం టై, పసుపు నడుం కోటు, గులాబీ రంగు కళ్లు. బంగారు పనికి ఇంతకన్నా మంచి రంగుల పట్టీ దొరకదు. పసుపు నడుం కోటుకు రంగే అక్కర్లేదు, బంగారాన్ని అలాగే వదిలితే చాలు. మీనా (లోహం మీద కాల్చి కరిగించే రంగు గాజు) పెట్టాల్సింది కోటుకు, టైకి, రుమాలుకు మాత్రమే. కంటికి ఒక గులాబీ నీలమణి సరిపోతుంది. సినిమా రంగులకూ దూరంగా ఉన్నట్టయింది.

ఇక కోటు మీది గళ్లు. టెనియల్ బొమ్మలు చెక్క మీద చెక్కి అచ్చేసినవి, అందులో బట్టంతా గీతలే. ఆ గీతల్ని పైకి కనిపించేలా చెక్కితే రెండేళ్లు తిరిగేసరికి అరిగిపోతాయి. వాటిని మీనా కిందికి పంపాం. కోటు గది (మీనా నింపే పల్లం) అడుగున సన్న ఉలితో గళ్లు కోసి, దాని మీద పారదర్శక గోధుమ మీనా పోస్తే గీతలు గాజు కిందినుంచి మెరుస్తాయి, ఎన్నాళ్లయినా అరగవు. ఈ పతకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

లోహం

మీనా ఉందంటే మామూలు పోత బంగారం పనికిరాదు. పోత కోసం అమ్మే 18 క్యారెట్ల మిశ్రమాల్లో జింకు ఉంటుంది, లోహం తేటగా పారడానికి సిలికాన్ కూడా కలుపుతారు. జింకు కొలిమి వేడికి ఆవిరై మీనాలో బుడగలు లేపుతుంది. సిలికాన్ ఉన్న ఉపరితలాన్ని మీనా గట్టిగా పట్టదు, చల్లారాక పెచ్చుగా లేస్తుంది. అందుకే బంగారం 750, వెండి 160, రాగి 90 పాళ్లలో జింకు, సిలికాన్ లేని మిశ్రమం తీసుకున్నాం. ఇది 890 డిగ్రీల చుట్టుపక్కల కరగడం మొదలుపెడుతుంది. మీనా కాల్చేది 760 నుంచి 820 డిగ్రీల మధ్య గనుక ఆ తేడా చాలు, కానీ ఎక్కువేం కాదు. కొలిమి వేడి కొలిచే థర్మోకపుల్ 30 డిగ్రీలు తప్పు చూపిస్తే ఆ తేడాలో సగం దాకా తినేస్తుంది. మీనా పనికి ముందు కొలిమిని సరిచూసుకోవడం తప్పదు.

తెల్ల కుందేలుకు తల తెల్లగా ఉండాలి. దారులు మూడున్నాయి. పసుపు బంగారం మీద రోడియం అనే తెల్ల లోహం పూత వేస్తే మెడ దగ్గర చర్మానికి, బట్టకు రాసుకుని ముక్కు, చెవి కొసల మీద ముందు పోతుంది. తెల్ల మీనా వేస్తే ముఖంలో ఎత్తుపల్లాలు పూడిపోతాయి. మూడోది, తలను పెల్లేడియం అనే తెల్ల లోహం కలిపి చేసిన 18 క్యారెట్ల తెల్ల బంగారంలో విడిగా పోసి చివర్లో కలపడం. ఖర్చు ఎక్కువైనా ఇదే ఎంచుకున్నాం. కొందరి చర్మానికి పడని నికెల్ కలిసిన తెల్ల బంగారం జోలికి పోలేదు. ఒకే సెట్టులో పిల్ల దిద్దులూ ఉన్నప్పుడు బల్ల మీద రెండు రకాల తెల్ల బంగారం ఉండటమే ప్రమాదం.

కొలతలు

నమూనా క్యాడ్‌లో (కంప్యూటరు డిజైన్‌లో) చేసి, కాల్చితే పోయే ప్లాస్టిక్ లాంటి రెసిన్‌లో ముద్రించాం, పొర మందం 25 మైక్రాన్లు. మీనా గదుల లోతు అంతటా ఒకేలా ఉండాలంటే చేత్తో చెక్కిన మైనం కన్నా ఇది నయం. ముఖం మాత్రం మెత్తగా, నున్నగా వదిలేసి లోహంలోనే ఉలితో తీర్చాం. కంప్యూటరులో తీర్చిన ముఖం పోత తర్వాత బొమ్మల దుకాణం ప్లాస్టిక్‌లా ఉంటుంది. కంటి మీది రెప్ప మడత, ముక్కు పక్కన గాడి చేత్తో వస్తేనే ప్రాణం వస్తుంది.

మొత్తం ఎత్తు 22, వెడల్పు 11 మిల్లీమీటర్లు. గట్టిగా పోస్తే సగటు మందం 2.2 మిల్లీమీటర్ల లెక్కన దాదాపు 4.9 గ్రాములు తూగుతుంది. వెనక తొలిచి గోడలు 1.1 మిల్లీమీటరుకు దించితే తలతో కలిపి 3 గ్రాములకు వచ్చింది: ఒళ్లు 2.2, తల 0.8. కోటు గది దగ్గర మాత్రం తొలవడంలో జాగ్రత్త కావాలి. మీనా లోతు 0.35 మిల్లీమీటరు, దాని కింద బంగారం 0.8కి తగ్గకూడదు. అడుగు మందం మీనా మందానికి రెట్టింపు కన్నా ఎక్కువుంటే వంపు ఆపడానికి వెనకవైపు ఎదురు మీనా పెట్టకుండా గడుస్తుంది. అడుగు 0.5కి పోతే చల్లారేటప్పుడు లోహం, గాజు వేర్వేరు కొలతల్లో ముడుచుకుని పలక వంగుతుంది, వారం తర్వాతైనా వెంట్రుకంత పగులు కనిపిస్తుంది.

గది మూలలు పదునుగా ఉండకూడదు, 0.2 మిల్లీమీటరు గుండ్రం ఇవ్వాలి. పదును మూలలో గాలి చిక్కుకుని మీనా బుడగకడుతుంది. రెండు గదుల మధ్య గోడ 0.4కి తగ్గితే రాపిడిలో అరిగి రంగులు కలిసినట్టు కనిపిస్తాయి. చెవుల మందం 0.9, కొసల దగ్గర 0.8. మీసాలు విడి తీగలుగా పెట్టే ఆలోచన మొదట్లోనే తీసేయాలి. అవి మొదటి రోజే చున్నీకో స్వెట్టరుకో తగులుకుంటాయి. బుగ్గ మీద మూడు సన్న గాట్లు చాలు. ముక్కు, పంజా వేళ్ల దగ్గర 0.15 మిల్లీమీటరు అదనంగా ఉంచాలి, మెరుగులో పోయేది అంతే.

లోహం చల్లారేటప్పుడు ముడుచుకునేందుకు రెసిన్ నమూనాను 2 శాతం పెద్దగా ముద్రించాం. రబ్బరు అచ్చు తీసి మైనం పోసే పద్ధతిలో అయితే రబ్బరు, మైనం, లోహం మూడూ ముడుచుకుంటాయి గనుక 4 నుంచి 6 శాతం పెట్టుకోవాలి. ఒళ్లు, తల వేర్వేరుగా పోసేటప్పుడు రెండింటికీ ఒకే పద్ధతి వాడకపోతే మెడ దగ్గర పిన్ను కూర్చోదు.

పోత

ముద్రణ గీతలు రెసిన్ మీదే పోగొట్టాలి. లోహంలో వాటిని తీయబోతే ఆకురాయితో పాటు ముఖం కూడా పోతుంది. నమూనాను వంచి ముద్రిస్తే గీతలు వెనక్కి పడతాయి.

ఒంటికి స్ప్రూ (లోహం అచ్చులోకి పారే దారి) పాదాల దగ్గర, 2.5 మిల్లీమీటర్ల మందంలో. గొడుగు కింది కొసకు 1.5 మిల్లీమీటర్ల రెండో స్ప్రూ. మందమైన చోటునుంచి లోహం వెళ్లి పలచని చోట ముందు గట్టిపడాలి, స్ప్రూ అన్నిటికన్నా ఆఖర్న గట్టిపడాలి. తిరగేసి చెవుల దగ్గర స్ప్రూ పెడితే, చెవులు ముందే గడ్డకట్టి ఒంటికి లోహం అందదు, కడుపు దగ్గర స్పంజిలాంటి రంధ్రాలు వస్తాయి. మీనా గది అడుగున అలాంటి రంధ్రం ఒక్కటున్నా ప్రతి కాల్పులో అక్కడ బుడగ లేస్తూనే ఉంటుంది. దాన్ని మీనాతో పూడ్చే ప్రయత్నం వృథా. లేజర్‌తో అదే మిశ్రమం తీగ నింపి చదును చేయాలి, లేదా మళ్లీ పోయాలి.

నమూనా చుట్టూ పోసి అచ్చు చేసే జిప్సం ఇన్వెస్ట్‌మెంట్ పొడి 100 గ్రాములకు నీళ్లు 39 గ్రాములు. కలపడం, వ్యాక్యూమ్, ఫ్లాస్క్‌లో (నమూనాను నిలబెట్టిన లోహపు గొట్టంలో) పోయడం అన్నీ తొమ్మిది నిమిషాల్లో అయిపోవాలి. ఆలస్యమైతే బుడగలు ముఖానికి అంటుకుని పోత మీద గింజలుగా వస్తాయి. రెండు గంటలు కదపకుండా ఉంచి కొలిమిలో పెట్టాలి: 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు, 370 దగ్గర రెండు గంటలు, 730 దగ్గర నాలుగు గంటలు. రెసిన్ మైనంలా కారిపోదు, కాలి బూడిదవుతుంది. కొలిమిలోకి గాలి ఆడకపోతే బూడిద గూట్లోనే ఉండిపోయి పోత మీద గుంటలు పడతాయి. 750 దాటనివ్వకూడదు. జిప్సం విడిపోయి గంధక వాయువు వస్తుంది, అది లోహంలో చేరితే పోత నిండా గుండుసూది మొనంత బెజ్జాలు.

పోసేటప్పుడు ఫ్లాస్క్ 600 డిగ్రీలు, లోహం 1010. ఫ్లాస్క్ 500లో ఉన్నప్పుడు పోసిన పరీక్ష పోతలో చెవి కొసలు నిండలేదు. అలాంటప్పుడు చాలామంది లోహం వేడి పెంచుతారు. పెంచాల్సింది ఫ్లాస్క్ వేడి. లోహాన్ని 1100కి తీసుకెళ్తే చెవి నిండుతుంది గానీ మిశ్రమం గాలి పీల్చుకుంటుంది, రేణువులు ముతకవుతాయి. మూసలో ఒంటి బరువుకు రెట్టింపు లోహం తీసుకుంటే స్ప్రూకు, దాని పైన మిగిలే లోహపు బొత్తానికి సరిపోతుంది. మీనా పనికి పాత స్ప్రూలు కలపకూడదు, అంతా కొత్త లోహమే.

తెల్ల బంగారం తల సంగతి వేరు. పెల్లేడియం వల్ల అది కరిగే వేడి 1100 డిగ్రీలు దాటుతుంది. జిప్సం అచ్చు ఆ వేడికి ఇబ్బంది పడుతుంది. ఫాస్ఫేట్ ఇన్వెస్ట్‌మెంట్ వాడితే అచ్చు గట్టిగా ఉంటుంది, కాకపోతే పగలగొట్టి తీయడం కష్టం. చెవులు వంగకుండా నీళ్లలో నానబెట్టి నెమ్మదిగా తీయాలి.

మీనా

ఒంటిని ఆకురాయితో, కాగితంతో తీర్చి, మీనా గదుల బయటి బంగారానికి మెరుగు ఇప్పుడే పెట్టేయాలి. తర్వాత చక్రం మీద పెడితే మీనాకు గీతలు పడతాయి. పతకాన్ని గొలుసుకు వేలాడదీసే పై వలయాన్ని కూడా ఇప్పుడే అతకాలి, అదీ 18 క్యారెట్ల గట్టి టంకంతో. మెత్తని టంకం మీనా కాల్చే వేడికి మళ్లీ కరుగుతుంది. కొన్ని పాత రకం టంకాల్లో కాడ్మియం ఉంటుంది, అవి బల్ల మీదకే రాకూడదు.

కోటు గది అడుగున గళ్లు కోసే ఉలి మొన నునుపుగా, అద్దంలా ఉండాలి. గీత వెడల్పు 0.15, లోతు 0.08 మిల్లీమీటరు. ఉలి మొన గరుకుగా ఉంటే కోత మెరవదు, గోధుమ మీనా కింద మట్టిలా కనిపిస్తుంది. గీతలు కోటు వంపును అనుసరించాలి. భుజం దగ్గర వంగకుండా నేరుగా పోయిన గళ్లు బట్టలా ఉండవు, జాలీలా ఉంటాయి.

తర్వాత ఒంటిని ఎర్రబడకుండా కాచి, యాసిడ్ నీళ్లలో ముంచి, ఇత్తడి కుచ్చుతో నీళ్ల కింద రుద్దాలి. ఇలా నాలుగైదు మార్లు చేస్తే పైపొరలోని రాగి పోయి మేలిమికి దగ్గరైన పసుపు పొర వస్తుంది. ఇది మానేస్తే రాగి ఆక్సైడు మీనా అంచుల్లో నల్లటి గీతగా తేలుతుంది. కానీ చివర్లో ఉలి కోతల మెరుపు ఈ రుద్దుడుకు కొంత తగ్గుతుంది. అందుకే ఆఖరి మారు తర్వాత అవే గీతల్లో ఉలిని తేలిగ్గా మళ్లీ నడపాలి. ఆ తర్వాత వేలు తగలకూడదు.

మీనా రాయి నూరి 80 మెష్ జల్లెడలో పట్టిన పొడిని స్వేదన జలంతో కడగాలి. నీళ్లు పాలలా తెల్లగా వస్తున్నంతసేపూ ఒంపేస్తూ ఉండాలి. ఆ తెల్లదనమంతా మరీ సన్నని పొడి. అది మిగిలితే పారదర్శక మీనాలో పొగమంచు పట్టినట్టవుతుంది, గళ్లు కనిపించవు. ఈ పతకంలో మొత్తం అందం గళ్లదే గనుక కడుగుడు దగ్గర ఓపిక పట్టాలి.

నీలం టైకి పారదర్శక నీలం వాడకూడదు. కింద పసుపు బంగారం ఉన్నప్పుడు పారదర్శక నీలం పచ్చగా తిరుగుతుంది. మేలిమి వెండి రేకు అడుగున వేసి దాని మీద పోయొచ్చు గానీ, 2 మిల్లీమీటర్ల టైకి అంత పని దండగ. అపారదర్శక నీలం సరిపోయింది. గోధుమకు దీనికి పూర్తిగా విరుద్ధం: కింది బంగారం దాన్ని తేనె రంగుకు లేపుతుంది, అదే కావాలి. ఎరుపు కూడా బంగారం మీద బాగా పలుకుతుంది, పారదర్శక ఎరుపే పెట్టాం.

కాల్చే వరస ఎక్కువ వేడి కోరే రంగునుంచి తక్కువకు. మా దగ్గరి రంగుల్లో నీలం మొదట, గోధుమ తర్వాత, ఎరుపు ఆఖరు. కొనే రంగును బట్టి ఇది మారొచ్చు, అదే మిశ్రమం ముక్క మీద ముందుగా కాల్చి చూసుకోవాలి. ఎరుపు ఒక కాల్పు ఎక్కువైతే గోధుమకో నలుపుకో తిరుగుతుంది, వెనక్కి రాదు. తడి పొడిని కుంచెతో గదిలో సర్ది, బట్ట కొసతో నీళ్లు పీల్చి, కొలిమి మూత దగ్గర పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే ఆవిరికి పొడి ఎగిరిపోతుంది. 800 డిగ్రీల దగ్గర 60 నుంచి 90 సెకన్లు. ముందు చక్కెరలా, తర్వాత నారింజ తొక్కలా, చివరికి నీటి ఉపరితలంలా మారుతుంది. నీటిలా మారిన వెంటనే బయటికి. కరిగాక పొడి సగానికి దిగుతుంది గనుక మూడు పొరలు పట్టింది. ఒకే మారు గది నింపి కాలిస్తే మధ్యలో గాలి చిక్కుకుంటుంది.

గది నిండి అంచు కన్నా కాస్త ఉబ్బుగా వచ్చాక వజ్రపు పట్టీతో నీళ్ల కింద సమం చేయాలి. రాపిడి బురద సన్న రంధ్రాల్లో ఉండిపోతే చివరి కాల్పులో బూడిద చుక్కలవుతుంది. గాజు కుంచెతో రుద్ది, స్వేదన జలంతో కడిగి, ఆరబెట్టి, మెరుపు కోసం ఒక చిన్న కాల్పు ఇస్తే చాలు. కొలిమిలోంచి తీసిన ముక్కను రాతి బల్ల మీదో ఫ్యాను గాలిలోనో పెట్టకూడదు. మీనా అయ్యాక ఒంటిని మళ్లీ గట్టి యాసిడ్‌లో వేస్తే రంగుల మెరుపు చస్తుంది. బయటి బంగారం మీది నల్లదనం ఇప్పుడు సిట్రిక్ యాసిడ్‌తో, మెత్తని కుచ్చుతో మాత్రమే తీయాలి.

తల, కన్ను, కూర్పు

కంటికి 1 మిల్లీమీటరు గుండ్రని గులాబీ నీలమణి, లోహంలోకి సమంగా పొదిగేది. పొదిగేటప్పుడు అంచును నొక్కాలి, కొట్టాలి. ఆ అదురు మీనాకు తగిలితే పగులుతుంది. తల వేరుగా ఉండటం వల్ల ఆ భయం లేకుండా పోయింది. రాయి ముందు పొదిగి, తలకు మెరుగు పెట్టి, అప్పుడే ఒంటి దగ్గరికి తెచ్చాం.

మెడ కింద 0.9 మిల్లీమీటరు పిన్ను, ఒంట్లో దానికి సరిపడే బెజ్జం. పిన్నును వెనకనుంచి మాత్రమే లేజర్‌తో అతకాలి. ముందువైపు నీలం టై ఒకటిన్నర మిల్లీమీటరు దూరంలోనే ఉంది. లేజర్ వేడి చిన్న చోటే ఉంటుంది గానీ పుంజం తప్పి మీనా మీద పడితే అక్కడ నల్లటి గుంట పడుతుంది. టై మీద అల్యూమినియం రేకు కప్పి పని చేయడం సులభమైన కాపుదల. తలను పక్కకు అర డిగ్రీ వంచినా కుందేలు ముఖంలో తొందర పోతుంది. అతకడానికి ముందు పిన్నును వదులుగా ఉంచి, తలను గడియారం వైపు తిప్పి చూసి ఖాయం చేయాలి.

దిద్దులు

పిల్లి నవ్వు ఒక్కటే మిగిలి పిల్లి మాయమవుతుంది కథలో. నగలో నవ్వు ఒక్కటే పెడితే అది నెలవంకలా కనిపిస్తుంది. ఇక్కడా కాగితం కత్తిరించి చూస్తేనే తేలింది: నోటి కొసలు పైకి మరీ ఎక్కువగా లేవాలి, కొసల దగ్గర బుగ్గ మడతలు రెండు ఉండాలి, పళ్ల గీతలు మధ్యలో వెడల్పుగా, పక్కలకు ఇరుకుగా రావాలి. పళ్ల గీత వెడల్పు 0.25 మిల్లీమీటరు, లోతూ అంతే. 0.15 పెడితే మెరుగులో పూడుకుపోతుంది. వెడల్పు 9, ఎత్తు 4.2 మిల్లీమీటర్లు, ఒక్కో ముక్క అర గ్రాము. మీనా లేదు, రాళ్లు లేవు.

కాడను ముక్క మధ్యలో అతికితే దిద్దు ముందుకు వాలుతుంది. పైనుంచి మూడో వంతు దగ్గర అతకాలి. కాడ మందం 0.8 మిల్లీమీటరు, పొడవు 9, మర శీలతో. చిన్న పిల్లల చెవి తమ్మె పలచన, నొక్కుడు శీల అయితే ఆటల్లో ఊడుతుంది. శీల వెనక భాగం గుండ్రంగా మూసి ఉంటే నిద్రలో గుచ్చుకోదు.

చర్మానికి తగిలే చోట లెక్కలు కచ్చితంగా ఉండాలి. యూరప్ నిబంధనల ప్రకారం చెవి బెజ్జంలోకి వెళ్లే కాడనుంచి నికెల్ వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాముకు లోపే విడుదల కావాలి. నగల్లో సీసం 0.05 శాతానికి, కాడ్మియం 0.01 శాతానికి లోపు. అమెరికాలో పిల్లల వస్తువుల్లో సీసం పది లక్షల పాళ్లకు 100 పాళ్లు మించకూడదు. పసుపు బంగారం ముక్కలో నికెల్ ఉండదని ధీమాగా ఉండి, బయట కొన్న కాడ, శీల మిశ్రమం ఏమిటో అడగకపోవడం దగ్గరే తప్పు జరుగుతుంది. ఈ దిద్దుల్లో కాడ, శీల, ముక్క మూడూ ఒకే మిశ్రమం. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లోకి వెళ్లే నగ అయితే శీల ఊడి నోట్లోకి పోయే ప్రమాదం గురించి కొనేవాళ్లకు విడిగా చెప్పాలి.

తాళంచెవి కొక్కెం

తాళంచెవి అడ్డకడ్డీగా, ఒక వలయంలోంచి దూరి అడ్డం తిరిగి నిలిచే కొక్కెం ఇది. వలయం లోపలి వ్యాసం 8, తాళంచెవి పొడవు 16 మిల్లీమీటర్లు. పిడి వెడల్పు 5, పళ్ల భాగం 4. రెండూ వలయంలోంచి సులువుగా దూరాలి. గొలుసు లింకును తాళంచెవికి సరిగ్గా బరువు మధ్యలో అతకాలి, కొలత మధ్యలో కాదు. పిడి వైపు బరువు ఎక్కువ గనుక ఆ చోటు పిడికి కాస్త దగ్గరగా పడుతుంది. అటు ఇటు అయితే తాళంచెవి వాలి, వలయంలోంచి జారిపోతుంది. దాని పక్కన గొలుసు చివరి 12 మిల్లీమీటర్లు సన్న లింకులతో ఉండాలి, లేకపోతే కడ్డీ దూరేటప్పుడు గొలుసు, పిడి రెండూ వలయంలో పట్టవు. పళ్ల అంచులన్నీ 0.3 మిల్లీమీటరు గుండ్రం చేయాలి, అది మెడ వెనక జుట్టులో ఉండే వస్తువు. వలయంతో కలిపి 1.2 గ్రాములు.

దిద్దుల కాడలు, శీలలతో కలిపి సెట్టు మొత్తం 5.7 గ్రాములకు ముగిసింది.

అప్పగించేటప్పుడు

పతకం వెనక 750 ముద్ర (18 క్యారెట్ల గుర్తు) తొలిచిన గోడ మీద కాకుండా గొడుగు వెనక పడింది. పలచని గోడ మీద ముద్ర కొడితే ముందువైపు మీనాకు దెబ్బ తగులుతుంది, అందుకే లేజర్‌తో చెక్కించాం. బిల్లులో బంగారం బరువు, మీనా బరువు, రాయి బరువు విడివిడిగా రాయాలి. మీనాను బంగారంతో కలిపి తూచడం సరికాదు.

శుభ్రానికి గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్షు. అల్ట్రాసోనిక్ డబ్బాలో వేయకూడదు. దిద్దులను వేయొచ్చు, పతకాన్ని వద్దు. పతకం పై వలయం అరిగితే మళ్లీ అతకడానికి మంట వాడకూడదు, లేజర్ మాత్రమే. ఈ మాట నగతో పాటు ఇచ్చే కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. మీనా అని గమనించకుండా టార్చి పెట్టే బల్ల మీదికి అది ఎప్పుడైనా వెళ్లొచ్చు. కోటు మీనా పెచ్చు లేస్తే ఆ చోట మాత్రమే నింపి కాల్చడం కుదరదు: తల విడదీసి, ఎరుపు తీసేసి, గోధుమ మళ్లీ పోసి, ఎరుపును మళ్లీ ఆఖర్న పెట్టాలి. అందుకే వాడిన మూడు మీనా రాళ్లలోంచి తలా 5 గ్రాములు అదే తయారీ నంబరుతో చీటీ కట్టి దాచాం. తయారీ మారితే గోధుమ రంగు మారిపోతుంది.